కాటుక చుట్టూ అంటాల

వెంకటరవణప్పగారు ఇక లేరు. చింతామణిలో నా అంగడికి ఎదురుగా, పాత లారీల విడిభాగాలు అమ్ముతూ జీవితమంతా గడిపిన ఆయన పోయిన సోమవారం నిద్రలోనే కన్నుమూశారు. పొద్దున ఆయన షట్టరు లేవకపోతే ఏ తిరుపతికో పోయుంటారనుకుని నా పనిలో నేను పడ్డాను. మధ్యాహ్నం టీ తెచ్చిన మనిషి చెప్పాడు. విన్నాక కూడా చాలాసేపు ఆ షట్టరు వంకే చూస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు.

పోయినవారందరినీ అజాతశత్రువులనడం మన ఆచారం. ఈయన కారు. తీరని శత్రువును నేనే ఒకణ్ణి ఉన్నాను. ఇద్దరిదీ ఒకే వ్యాపారం, మధ్యలో ఒక రోడ్డు. అయినా స్టీరింగు సామాను విషయంలో ఆయనే నాకు న్యాయాధిపతి. అనుమానమొస్తే ముక్కను ఇక్కడి నుంచే పైకెత్తి చూపేవాణ్ణి, ఆయన రోడ్డు దాటి వచ్చి తీర్పు చెప్పేవారు. ఈ చుట్టుపక్కల గుండ్రటి ముక్కు లారీలు కొన్ని ఇంకా టమోటా మోస్తున్నాయి. వాటిని చేసిన కంపెనీ విడిభాగాలు ఆపేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడొచ్చేదంతా బయటి సరుకు. డబ్బా మీద బొమ్మ దివ్యంగా ఉంటుంది, లోపలి ఇనుము సంగతి దేవుడికెరుక. “బ్రేకు పోతే ఏ గట్టో ఆపుతాదప్పా. స్టీరింగు పోతే బండి యాడికి పోవాల్నో బండే చూసుకుంటాది” అనేవారు.

ఆయన పరీక్షాసాధనం ఒక కాటుక డబ్బా. స్టీరింగు కడ్డీ కొసన ఉండే బాల్ జాయింటుకు, పోనుపోను సన్నబడే కాడ ఒకటి ఉంటుంది. దానికి కాటుక పలచగా పూసి, అది కూర్చోవలసిన కన్నంలో పెట్టి తిప్పి తీసేవారు. నలుపు కన్నమంతా సమంగా అంటితే మంచి ముక్క. ఒక పక్కే అంటితే నట్టు ఎంత బిగించినా లోలోపల కదులుతుంది, ఒకనాటికి తెగుతుంది. “కాటుక చుట్టూ అంటాల” అన్నది ఆయన ధర్మశాస్త్రం. బ్రహ్మచారి అంగట్లో కాటుకేమిటని ఎవరైనా ఎగతాళి చేస్తే, చేతిలోని ముక్కను చూపించి “పెండ్లికూతురికి” అనేవారు.

ఒకసారి నేను పెట్టెడు సరుకు తెప్పించాను. ఆయన రోడ్డు దాటి వచ్చి ఒక్కొక్కటీ తిరగేశారు. “దిక్కులేని సరుకప్పా ఇది. చేసినోడు పేరు గూడా కొట్టుకోలే. వానికే లేని ధైర్యం నీకెట్ల వచ్చె?” అన్నారు. పిలిపించుకున్నది నేనే, కోపం వచ్చిందీ నాకే. కొన్నాళ్లు మాట్లాడలేదు. మధ్యాహ్నం పూట ఆయన పంపే టీ మాత్రం వస్తూనే ఉంది, నేను తాగుతూనే ఉన్నాను. ఆ సరుకు వెనక్కి పోయింది.

అంగడి వెనక గదే ఆయన ఇల్లు. జంగమకోటె నుంచి తమ్ముడి కుటుంబం వచ్చి, అంత్యక్రియలు జరిపి, తాళం వేసుకుని వెళ్లిపోయింది.

నిన్న సోమేనహళ్ళి నారాయణస్వామి వచ్చాడు. పాత లారీ ఒకటి సొంతంగా ఉంది, తనే తోలుతాడు. ఎన్నడూ నా గడప తొక్కనివాడు. బండి నిండా టమోటా, జాయింటు అరిగిపోయింది, అది కూర్చునే కన్నం ఉన్న ఇనుప చెయ్యిని కూడా విప్పి తెచ్చాడు. నా దగ్గర ఒకే ముక్క ఉంది. చూపిస్తే “ఆయప్ప చూసినాడా దీన్ని?” అని అడిగి, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

“చూడలే. కూర్చో” అని చెప్పి గాజుల అంగడికి పోయాను. కాటుక డబ్బా అడిగితే అక్కడి అమ్మాయి “ఎవరికప్పా?” అంది. “పెండ్లికూతురికమ్మా” అన్నాను. ఆ మాట దానంతటదే వచ్చింది. ఆ అమ్మాయి నవ్వింది. డబ్బులిచ్చి, డబ్బా పట్టుకుని వచ్చేశాను.

పూసి, పెట్టి, తిప్పి తీశాను. ఒక పక్కే అంటింది.

“రవ్వంతే గదప్పా తేడా? బాగేపల్లి దాకానే పోయేది” అన్నాడు నారాయణస్వామి.

“వద్దు. వేరే బండి మాట్లాడి సరుకు మార్చుకో.”

నారాయణస్వామి ఇనుప చెయ్యిని ఎత్తుకుని, “ఆయప్ప గూడా ఇట్లే అంటా ఉండె” అని బండి వెతుక్కుంటూ వెళ్లాడు.

సరుకు చెడకుండా సంతకు చేర్చేవారు చాలామంది. మనిషిని క్షేమంగా ఇంటికి చేర్చాలని సరుకును, బేరాన్ని, స్నేహాన్ని కూడా వదులుకోగల ధీరుడు మా వీధికి ఆయన ఒక్కరే. ఆయనకు నా నమస్సులు. ఆ స్థానం భర్తీ కాదు. నారాయణస్వామి వెళ్లాక, ఎప్పటి అలవాటు కొద్దీ ఆ ముక్కను ఎదుటి అంగడికి కనిపించేలా పైకెత్తి పట్టుకున్నాను.

సరిగ్గానే చూసినానా అన్నా?

షట్టరు వేసే ఉంది.