సాంచాల చప్పుడులో చేతుల ముచ్చట

దగ్గరికి జరిగి కూసోండ్రి, మన ఈడు వాళ్ల చెవులు బట్ట నేసే సాంచాల కాడనే సగం పోయినయి గదా. మొన్న మా మనుమరాలు నన్నూ మా వదిననూ నార్పోలిలో మూతపడ్డ కార్ఖానకు తోలుకపోయింది, కళాప్రదర్శన పెట్టిన్రని. ఏం కళనో! తుప్పుపట్టిన సాంచ మీద ఎర్ర లైటు, గోడకు మేమిద్దరం కండెలు చుట్టుతున్న పాత ఫోటో, దాని కింద 'నోరులేని ఆడవాళ్లు' అని పేరు. మనుమరాలు అది చదివి, పాపం నానమ్మా, మాటలేకుండ ఎట్ల బతికినవే అని కండ్లనీళ్లు పెట్టుకున్నది. నా కడుపు మండింది. పరాయోళ్లు ఏమన్న అనుకోనీ, నా మనుమరాలు నన్ను మూగదాన్నని యాది పెట్టుకునుడా?

నాగావ్‌ల కొత్తకోడలిగ కార్ఖాన పనికెక్కిననాడు, ఆ సాంచాల చప్పుడుల నోరు పనికిరాదని మా వదిననే నాకు చేతులతోని మాట్లాడుడు నేర్పింది. పొట్ట మీద చెయ్యి గుండ్రంగ తిప్పితే సేటు, ముక్కుపుల్ల మీద వేలు పెడితే అత్త. సద్ది తెచ్చిన మా అత్త, మేము తన ముంగటనే చేతులతోని తనను ఆడిపోసుకుంటుంటె, వదినా మరదండ్లు ఎంత కలుపుగోలుగున్నరని మురిసిపోయేది.

మొన్న మేము ఫోటో కాడ ఉండంగనే, ఆ ప్రదర్శన పెట్టిన జుట్టుముడి కళాకారుడు డబ్బాల నుంచి సాంచాల చప్పుడు పెట్టిండు. వచ్చినోళ్లంత భజన విన్నట్టు కండ్లు మూసుకున్నరు. ఆ చప్పుడు చెవుల పడంగనే మా చేతులు వాటంతటవే లేసినయి. వదిన మెడ వెనుక ముడి చూపి, చెవుల కాడ చేతులాడించింది, గాడిద అని. వీనికి ఇంట్ల ముద్ద పెడుతలేరేమోనని నేను చేతులతోనే అన్న. అదేదో నాట్యమనుకొని అందరు చప్పట్లు కొట్టిన్రు, వాడైతే మాకు దండమే పెట్టిండు. ఆ పేరు తీసెయ్యి బిడ్డా అంటె, "ఆజీ," అని మరాఠీల అవ్వను పిలిచినట్టు పిలిచి, "మౌనం కూడ భాషనే" అన్నడు. థూ, వాని తెలివి తెల్లారినట్టే ఉన్నది!

ఇంటికొస్తు వరాలా తలావ్ చెరువు కాడ ఆ చేతుల సంగతి చెప్తె, మనుమరాలు నవ్వి నవ్వి కట్ట మీద కూలబడ్డది. పేరు మాత్రం ఆ గోడకు అట్లనే ఉన్నది. కార్ఖానలు ఒక్కొక్కటే మూతపడుతున్నయి, ఊర్ల సాంచాల చప్పుడు లేకుండ పోతున్నది, వదిన కూడ పోతె నేనెవరికి చెయ్యి ఊపాలె అని దిగులుపడుతుంటి. నిన్న మా కోడలు నన్ను మందులు మింగలేదని గదమాయిస్తుంటె, మనుమరాలు తల్లి వెనుక నిలబడి, పొట్ట మీద చెయ్యి గుండ్రంగ తిప్పింది.

మీ ఇండ్లు సల్లగుండాలె, మీ గడపల లోపట ముచ్చటకు కరువు రావద్దు.