అమ్మ నమ్మే వార్త

రేడియోలో వార్తలు చదివే ఒకాయన మీద ఈ రోజు నాకు ఒళ్లు మండిపోయింది.

నేను యూట్యూబులో వైజాగ్ వార్తలు చెబుతాను. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని తెలియగానే, మధ్యాహ్నం మా భీమిలి ఒడ్డు నుంచే లైవ్ మొదలుపెట్టాను. నా వెనకాల ఇసకలో మా అమ్మ నెత్తళ్లు ఎండబెడుతోంది. "వానొచ్చేత్తాది, సేపలు తీసీమ్మా" అని అరిచాను.

"రేడియోలో సెప్పనీరా, సూద్దాం" అంటూ ఇంకో గంప ఒంపింది. అదంతా లైవ్‌లో కనిపించింది. 'అన్నా, వెనక ఆంటీ చేపలు ఆరేస్తోంది, హెచ్చరిక నిజమేనా?' అని కింద కామెంటు!

పావుగంటకి అమ్మ పాత ట్రాన్సిస్టర్‌లో ప్రాంతీయ వార్తలు మొదలయ్యాయి. ఆయన నమస్కారం అనగానే అమ్మ చేపల చేతులతోనే తిరిగి నమస్కారం పెట్టింది. నేను చెప్పిన ముక్కనే ఆయన తీరిగ్గా చదివాడు. చదవడం పూర్తికాకుండానే అమ్మ గంప పట్టుకుని పరుగెత్తింది. వెనకే నేనూ చేపలు ఎత్తాను.

"నాను సెప్పిందే కదమ్మా ఆయనా సెప్పాడు?" అన్నాను ఉక్రోషంగా.

"నువ్వు రోజూ బ్రేకింగు బ్రేకింగని అరుత్తావు. ఆ బాబు ఇన్నేళ్లలో ఒక్కనాడైనా అరిసాడేట్రా?"

మీ ఇంట్లో మీ మాట నమ్మాలంటే ఎవరొచ్చి చెప్పాలో కాస్త రాయండి. ఆ బాబుకి రాష్ట్రమంతా శ్రోతలే. నాకున్నది ఒక్కతే అమ్మ, ఆవిడా అటువైపే.