అవిసెగింజల స్వయంపాకం

వేలూరు సత్తువాచారిపేటలో ఇరవై ఏళ్ళు మా పక్కింట ఉన్న ఆమె ఇక లేరన్న కబురు గత గురువారం ఉదయం గుడియాత్తం నుండి వచ్చింది. వేసవికి అన్నగారింటికి వెళ్ళి, అక్కడే నిద్రలో కన్నుమూశారట. ఫోనులో ఆ అన్న రెండే మాటలు చెప్పాడు. నాకు చెప్పవలసినవి చాలా ఉన్నవి.

ఆమె వేలూరులో ఒక ఆసుపత్రి వంటశాలలో రోగులకు పథ్యం వండి రిటైరయ్యారు. క్రైస్తవులు. ఇంట మాట్లాడేది తెలుగే కాని, లిపి రాదు. "చదవను రాదు సామీ, వినను వస్తాది" అని, నేను అరుగుమీద పురాణం చదువుకొనే వేళకు పిట్టగోడకు ఆవల కుర్చీ వేసుకొనేవారు.

నా వృత్తి పురాణ ప్రవచనం. నాలుగేళ్ళ క్రిందట, రక్తంలో కొవ్వు హెచ్చిందని, నూనె తగ్గించమని వైద్యుడు చెప్పాడు. నేను తగ్గించలేదు, త్యజించాను. నెయ్యి, నూనె, వేరుసెనగలు, కొబ్బరి, సమస్తం. మితాహారాన్ని గురించి వందసార్లు ప్రవచనం చెప్పినవాడిని, మితమంటే శూన్యమని పొరబడ్డాను. అందులో కొంత గర్వమూ ఉన్నది. కొన్ని నెలలకు కారణం తెలియని భయమొకటి పట్టుకొన్నది. ఒక సాయంత్రం నిండు సభలో, పద్యం నడుమ నాలుక ఆగిపోయింది. ఆనాడు వేదిక దిగినవాడిని మళ్ళీ ఎక్కలేదు. మళ్ళీ ఆగిపోతుందేమోనన్న దిగులుతో అరుగుమీద చదవటం కూడా మానేశాను.

"ఏం సామీ, పదిదినాలుగా పద్యం వినపడలేదే?" అని గోడమీదుగా అడిగారు. చెప్పక తప్పలేదు.

"డాక్టరు తగ్గించమన్నాడా, మానేయమన్నాడా?"

"తగ్గించమనే అన్నాడు."

"ఆయన ఒక మాట చెప్పినాడు, మిగతా పురాణమంతా మీరే కట్టినారు!"

మరునాడు ఆటో పిలిచి, తానే నన్ను వైద్యుని వద్దకు తీసుకొనిపోయారు. మెదడులో కొవ్వు భాగం పెద్దదనీ, అందులో కొన్ని రకాలు దేహం స్వయంగా తయారుచేసుకోజాలదనీ, ఆహారంనుండే రావాలనీ ఆయన వివరించాడు. చేపలో అవి నేరుగా దొరుకుతాయి. అవిసెగింజల్లో ఉండేది వాటికి మూలరూపం. దానిని దేహం కొద్దిగానే మార్చుకోగలదు. వాటివల్ల భయం ఎంత తగ్గుతుందన్నది పండితులింకా తేల్చలేదని కూడా దాచకుండా చెప్పి, మందు రాసి, రోజూ నడవమన్నాడు.

తిరుగుదారిలో ఆమె నవ్వారు. "మావాళ్ళకైతే మత్తి చేపల పులుసు పెట్టేసుందును. మీకాడ ఆ మాట ఎత్తితే వాకిలి కడుక్కుంటారు."

నేను సిగ్గుపడ్డాను. ఆమె వండినది నేను తినననీ ఆమెకు తెలుసు. ఆ ఆదివారం ప్రార్థననుండి వస్తూ ఒక పొట్లం తెచ్చి గోడమీద పెట్టారు.

"వండనిదైతే మీవాళ్ళు తీసుకుంటారే, బియ్యం, పప్పు, కూరగాయలు... దాన్నేమంటారు?"

"స్వయంపాకం."

"ఇది అవిసెగింజల స్వయంపాకం. తీసుకోండప్పా."

అయిదు పదుల ఏళ్ళ ప్రవచనజీవితంలో నేను పుచ్చుకొన్న స్వయంపాకాలలో దానికి సాటి వచ్చేది లేదు.

భార్య పోయిన తరువాత నా వంట నాదే. మొదటిసారి గింజలు మాడ్చాను. నేను చూసుకొనేలోపే ఆవలినుండి కేక వచ్చింది: "మాడినాది! వాసన ఈడికొచ్చింది! సెగ తగ్గించండి, చిటపటమంటానే దించేయండి." ఎండుమిరప, ఉప్పు, చింతపండు చేర్చి దంచిన ఆ పొడిని చెంచాడు నువ్వులనూనెతో వేడన్నంలో కలుపుకొని తిన్నాను. ఎన్నాళ్ళకో అన్నం రుచి తెలిసింది. ప్రతి ఆదివారం పొట్లం వచ్చేది. తరువాత వాల్‌నట్లూ వచ్చాయి. "చూడండి, బుర్రమాదిరే ఉండాది" అని ఒకటి పగులగొట్టి చూపేవారు.

భయం తగ్గింది గింజలవల్లనా, మందువల్లనా, నడకవల్లనా, గోడమీది మాటలవల్లనా? నేను విడదీసి చెప్పలేను. మెల్లగా అరుగుమీద చదవటం మొదలుపెట్టాను. శ్రోత ఆమె ఒక్కరే. "సబకు ఎప్పుడు పోతారు?" అని అడిగినప్పుడల్లా "చూద్దాం" అనేవాడిని. ఆమె పట్టుపట్టేవారు కారు. ఇన్ని చేసిన ఆమె చేతి మెతుకు నేను ఒక్కటీ ముట్టలేదు. ఆమె ఏనాడూ ఎత్తిపొడవలేదు. ఆ ఔదార్యానికి ఋణపడి ఉన్నాను, నా నిష్ఠకు ఇప్పుడు చింతిస్తున్నాను.

కబురు వచ్చిన ఆ గురువారమే, మధ్యాహ్నం గుడియాత్తం శ్మశానంలో ప్రార్థన ముగిశాక, ఆమె అన్న నా దగ్గరకు వచ్చాడు. "అయ్యా, మా చెల్లెలు మీ పద్యాల గురించే చెప్తా ఉండేది. రెండు మాటలు చెప్పండి."

వద్దనబోయి, ముందుకు నడిచాను. నాలుగు వాక్యాలు చెప్పేసరికి నాలుక ఆగిపోయింది. అదే భయం. వెనుదిరగాలనిపించింది. తిరగలేదు. ఊపిరి పీల్చుకొని, మాట దొరికేదాకా నిలబడ్డాను. అంతసేపూ ఆ ఎండలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని ఆపి నేరుగా వచ్చిన, ఆమె అన్నగారి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తలలమీదికి కొంగులు లాక్కొని, ఒక్కరూ కదలక, నా తరువాతి మాట కోసం నావైపే చూస్తూ నిలబడి ఉన్నారు.