మా సైన్సు మేడం, గీతలు పడ్డ బైనాక్యులర్

మా సైన్సు మేడం పోయారు. కాఫీ పళ్లు కోస్తుండగా వాళ్లబ్బాయి ఫోను చేశాడు. "అమ్మ పొద్దున్నే వెళ్లిపోయిందండి. మీకు చెప్పమని ముందే చెప్పి ఉంచింది" అన్నాడు. నడుముకున్న బుట్ట విప్పి చెట్టు కింద పెట్టి బయల్దేరాను. అంత్యక్రియలకు వెళ్తే అక్కడెవరో "పాపం, ఎంత మెత్తని మనిషో" అంటున్నారు. నేను ఒప్పుకోలేకపోయాను. మా మేడం మెత్తని మనిషి కాదు. ఆవిడ చెయ్యి మెత్తగా ఆడింది బైనాక్యులర్ అద్దాలు తుడిచేటప్పుడు మాత్రమే.

శ్రీకాకుళం వైపు నుంచి అరకులోని మా ఆశ్రమ పాఠశాలకు వచ్చారు. బదిలీ మీద కొండెక్కిన పంతుళ్లు చాలామంది వచ్చిన రోజు నుంచే దిగే దారి వెతుక్కునేవారు. ఈవిడ మాత్రం సైన్సు సామాన్ల గది వెతికారు. ఎవరూ మూత తియ్యని పెట్టెలో ఒక బైనాక్యులర్ దొరికింది. ఆ ఆదివారం నుంచే ఆడపిల్లలందరినీ పిట్టలు చూడ్డానికి కొండమీదికి తీసుకెళ్లారు. మా అయ్య కూత విని కొండగోరింకను గుర్తుపట్టేవాడు. దాని మెడ వెనక పసుపుపచ్చని తోలు వేలాడుతుందని నేను చూసింది మాత్రం ఆ గొట్టాల్లోంచే.

ఒకరోజు మా తరగతి బుద్రి, అద్దం మీద దుమ్ము పడిందని చున్నీతో గట్టిగా రుద్దేసింది. ఇసుక రేణువేదో ఉంది. గీతలు పడ్డాయి. బుద్రి ఏడుపు మొదలెట్టింది.

"ఏడుపెందుకే గుంటా? గీతే కదా పడింది, కన్ను పోలేదు కదా. సూడు, ఏటి కనబడతందో సెప్పు" అన్నారు మేడం.

బుద్రి కళ్లు తుడుచుకుని చూసింది. "అన్నీ కనబడతన్నాయి మేడం."

"మరి?"

ఆ మధ్యాహ్నం మాకందరికీ తుడవడం నేర్పారు. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టాలి, తర్వాత మెత్తని కుంచెతో దులపాలి, ఆఖరున నోటి ఆవిరి పట్టించి, ఉతికిన మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవాలి. దుమ్ము ఉండగా గుడ్డ తగలకూడదు. అటెండరు కల్పించుకుని, పళ్ల పేస్టు రాసి రుద్దితే గీతలు పోతాయన్నాడు.

"గీత పోదు బాబూ, పూత పోద్ది" అన్నారు మేడం. అద్దం మీద ఆకుపచ్చగా, ఊదాగా మెరిసే పల్చని పూత ఉంటుంది, అది పోతే బొమ్మ మసకబారుతుంది. గీతని అలాగే వదిలేసి, ఎండ ఎదురుగా లేకుండా నిలబడి చూడమన్నారు.

గీతల సంగతి హెడ్మాస్టరుకి తెలిసింది. "ఇంత ఖరీదైన వస్తువు ఈ పిల్లల చేతికిస్తారా?" అని దాన్ని తన బీరువాలో పెట్టి తాళం వేశారు. మేడం అడుగుతూనే ఉన్నారు. ఆయన చూద్దాం అంటూనే ఉన్నారు. మా కొండల్లో వానాకాలం ఎలా ఉంటుందో తెలుసు కదా, గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. ఆ వానలన్నీ అది బీరువాలోనే ఉంది.

ఒక ఉదయం ప్రార్థన అయ్యాక, మేం వరసల్లో నిలబడి ఉండగానే, మేడం ఆయన ముందుకెళ్లారు. "తాళం ఇవ్వండి సార్. లేదంటే నన్ను కూడా అందులో పెట్టి తాళమేసెయ్యండి."

అంతమంది ముందు ఆయన తాళం ఇవ్వక తప్పలేదు. బైనాక్యులర్ బయటికి తీస్తే లోపలి అద్దాల మీద సాలెగూడులా తెల్లని బూజు. మేడం దాన్ని మా వైపు ఎత్తి పట్టుకున్నారు.

"సూడండే. వాడితే గీత పడతాది. దాస్తే బూజు పడతాది. మీకేటి కావాల?"

"గీత!" అని అరిచాం అందరం. అందరికంటే గట్టిగా అరిచింది బుద్రి.

మేడంకి మెమో వచ్చింది. సంతకం పెట్టి తీసుకుని, విశాఖ రైలెక్కి బైనాక్యులర్‌ని బాగు చేయించుకొచ్చారు. బూజు పోయింది, దాని మరక కొంచెం మిగిలింది. తర్వాతి ఆదివారం మళ్లీ కొండెక్కాం. మొదట బుద్రి మెడలోనే వేశారు. ఆ బుద్రి ఇప్పుడు అటవీశాఖలో పనిచేస్తోంది. నేను కాఫీ తోట చూసుకుంటూ, వచ్చినవాళ్లకి పిట్టల్ని చూపిస్తున్నాను.

మేడంని ఆఖరుసారి చూసింది పోయిన చలికాలం, గాలికొండ దగ్గర. మందులకి జుట్టంతా రాలిపోయింది. డాక్టరు వద్దన్నా, కొడుకు వద్దన్నా పిట్టల్ని చూడ్డానికి వచ్చేశారు. పొగమంచు కమ్మేసి ఎదుటి కొండే కనబడడం లేదు.

"ఏటీ కనబడదు మేడం, జీపెక్కండి" అన్నాను.

"నువ్వెళ్లు. మంచు పని మంచు సేత్తది, నా పని నేను సేత్తాను" అన్నారు.

జీపులోంచి చూశాను. చుట్టూ తెలుపు. అందులో ఎర్ర ఉన్ని టోపీ, కళ్లకి ఆనించిన బైనాక్యులర్, పక్కటెముకలకు అదిమి పెట్టుకున్న రెండు మోచేతులు. గాలికి చీర చెంగు ఎగిరి కొట్టుకుంటోంది. ఆవిడ కదలడం లేదు.