గోడచెవి

బస్సు మలుపు తిరుగుతుండగా నా పక్కసీటాయన కిటికీ కింద రేకును వేలి కణుపులతో టకటకమని కొట్టి, చెవి ఆనించి, "డొల్ల" అన్నాడు. ముందుసీటు వీపును కొట్టాడు. అదీ డొల్లే. తరవాతి వంతు నా పెట్టెది. "ఇది గట్టిగా ఉందండీ. పుస్తకాలా?" నా తలకాయ జోలికి రాకముందే అవునని ఒప్పుకున్నాను.

కనబడినదాన్నల్లా కొట్టి వినడం, ఇదొక్కటే ఆయన జబ్బు. వృత్తి ఇళ్ల బీమా సర్వేయరు. ఇల్లు కాలినా, కూలినా, మునిగినా నష్టమెంతో తేల్చేది ఆయనే. నేను తిరిగిన ఊళ్లలో చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లున్నారు, నాడి చూసి రోగం చెప్పేవాళ్లున్నారు. గోడ నాడి చూసేవాణ్ణి ఈయన్నే చూశాను. మేస్త్రీలు గోడచెవి అని పేరు పెట్టారు.

తరవాత ఆర్నెల్లు ఆయన పక్కవాటాలోనే అద్దెకున్నాను. ఆయన ఒంటరి మనిషి. అయినా తాళం తీశాక తలుపు కొట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు లోపలికి వెళ్లేవాడు.

"లోపలెవరున్నారండీ?"

"ఎవరూ లేరు. అంతమాత్రాన మర్యాద మానేస్తామా?"

నవ్వాను గానీ, ఆ సాయంత్రం నా తలుపు దగ్గర నేనూ కాస్త ఆగాను.

ఒకరోజు తోచక ఆయన వెంట ఒక కుట్టుపని ఆవిడ ఇంటికి వెళ్లాను. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. ఆవిడ ఊళ్లో లేని రోజున పైపు పగిలి, పల్లంలో ఉన్న మిషనుగది మునిగింది. ఇప్పుడు గోడల పెచ్చులు ఊడి జనం ఇచ్చిన బట్టల మీద పడుతున్నాయి. గది బాగుపడితేనే పని, పనుంటేనే ఇల్లు. క్లెయిము పెడితే కంపెనీ కుదరదంది. అంతా మేస్త్రీ చేతిచలవ. ఎస్టిమేటు నిండుగా కనబడాలని 'ఏళ్ల తరబడి చెమ్మ. నాలుగు గదులూ, పైకప్పూ కొత్తగా చెయ్యాలి' అని రాశాడు. బీమా వర్తించేది హఠాత్తుగా పగిలిన పైపుకు. ఏళ్ల చెమ్మకు కాదు. చివరిసారి చూసి రమ్మని గోడచెవిని పంపారు. మేం వెళ్లేసరికి ఆ మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు.

"పైకప్పు రాశావేం మేస్త్రీ? నీళ్లు ఈదుకుంటూ పైకెళ్లాయా?"

"మీరెలాగూ సగం కొట్టేస్తారని ముందే రెట్టింపు రాశానండీ."

"చదవకుండా సంతకం పెట్టాను, అన్నయ్యగారూ. తప్పు నాదే," అంది ఆవిడ.

"ఉండమ్మా, గోడ ఏమంటుందో విందాం."

కింద నుంచి మొదలుపెట్టాడు. డొల్ల, డొల్ల, డొల్ల. మోకాలి దగ్గర గట్టి. అక్కడ సుద్దగీత. పక్కకు జరిగి మళ్లీ మొదలు. గది చుట్టూ తిరిగేసరికి గీత దారం పట్టినంత తిన్నగా వచ్చింది.

"ఏళ్ల చెమ్మయితే ఇష్టమొచ్చినట్టు పాకుతుంది మేస్త్రీ. ఇవి ఒక్కరోజు నిలబడ్డ నీళ్లు. ఒక్క గది, మోకాలెత్తు. ఉన్నదున్నట్టు రాయి. నేనూ అదే రాస్తాను. ఎందుకు రాదో చూద్దాం."

మేస్త్రీ తల గోక్కుని కొత్త కాగితం తీశాడు. ఆవిడ కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది.

పని అయిపోయింది. ఈయన ఆగితేనా! పడకగది, వంటిల్లు, బీరువా, మంచం కోళ్లు, దేన్నీ వదల్లేదు. ఆవిడ వెనకే తిరుగుతూ, ఆ గోడకు మేకు కొట్టబోయి వాళ్లాయన వేలు చితక్కొట్టుకున్న సంగతి, మంచం గుమ్మంలో పట్టక తలుపే పీకించిన సంగతి చెబుతోంది. చెబుతూ చెబుతూ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని తనే ఉలిక్కిపడింది.

బయటికొచ్చాక అడిగాను. "లెక్క తేలాక కూడా ఆ గదులెందుకండీ కొట్టారు? అక్కడ తడే లేదుగా?"

"ఆవిడ మాట్లాడుతోంది కదండీ," అన్నాడు. "మధ్యలో ఎలా ఆపుతాం?"

అని, వస్తానన్న మాటైనా లేకుండా సందు చివరికంటా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంతలో గుమ్మంలోకి ఆవిడ వచ్చింది. "అన్నయ్యగారేరండీ? పెరటి గోడ మిగిలిపోయింది!"

డొల్లకూ గట్టికీ తేడా నాకు తెలియదు. అయినా భుజాన ఉన్న సంచీ గుమ్మంలో దింపి లోపలికి వెళ్లాను.