రాస్ లఫాన్ దారిలో తాగని నీళ్ళు

బడి తెరవగానే ఎనిమిదో తరగతికి ‘ఆసియా: సహజ వనరులు, పరిశ్రమలు’ పాఠం చెప్పాలి. దోహాలో తొమ్మిదేళ్ళుగా అదే పాఠం చెబుతున్నా, ఇక్కడి గ్యాస్ కర్మాగారాలున్న రాస్ లఫాన్ మొహం చూసిన పాపాన పోలేదు. సిగ్గేసి, రెండు ఫొటోలైనా తీసుకుందామని సెలవుల చివర్లో బయలుదేరాను.

ఉదయం ఏడింటికి అల్ అజీజియాలో మెట్రో ఎక్కాను. టిక్కెట్టు రెండు రియాళ్ళు. లుసైల్‌లో దిగి ఎనిమిదింబావుకి రాస్ లఫాన్‌కి దగ్గరి ఊరు అల్ ఖోర్ వెళ్ళే బస్సు అందుకున్నాను. ఆడమనిషినని ముందు సీటు ఖాళీ చేసిచ్చారు. కిటికీలోంచి చూడ్డానికి ఏముంది గనక? ఇసుక, కరెంటు తీగలు, మళ్ళీ ఇసుక. ఈ దేశంలో నది లేదు, వాన లేనట్టే. ఉన్నదల్లా సముద్రం అడుగున గ్యాస్. దాన్ని ద్రవంగా మార్చి ఓడలకెక్కిస్తారు. దాన్నే మండించి సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీస్తారు. మేం తాగేది ఆ నీళ్ళే.

పక్క వరుసలో ఒకాయన పెద్ద సీసా పట్టుకుని, కషాయం తాగుతున్నట్టు మొహం పెట్టి నీళ్ళు తాగుతున్నాడు.

“అంత దాహంగా ఉందా అండీ?” అన్నాను.

“దూప గాదక్కా. ఇయ్యాల మల్ల రక్తం జూస్తరు.”

పేరు గంగారాం, జగిత్యాల దగ్గరి ఊరు. ఆరేళ్ళుగా రాస్ లఫాన్‌లో గ్యాస్ ట్యాంకులకు పరంజా కట్టే పని. పోయిన నెల పరీక్షలో కిడ్నీలు బాగాలేవని తేలి డ్యూటీ ఆపారు. దోహాలో చుట్టాల గదిలో ఉంటున్నాడు. ఈసారీ తప్పితే ఇక ఇంటికే.

“పైకెక్కినంక ఒంటికి దిగుడంటే అరగంట వోతది. ఫోర్‌మన్ యల్లా యల్లా, జల్ది జల్ది అని పానం దీస్తడు. గందుకే అందరం నీళ్లు తక్కువ తాగుతుంటిమి. హుషారి అనుకున్నం.”

నేనెందుకు వెళుతున్నానో చెబితే నవ్వాడు. “పాస్ లేకుంటే గేటు కాడికెల్లే మర్లగొడ్తరక్కా.”

టీచరమ్మకి ఆ మాత్రం తెలియలేదు.

అల్ ఖోర్‌లో ఆయన క్లినిక్‌కి వెళ్ళాడు. నేను ఓ కొట్టులో పరోటా తిని, కరక్ చాయ్ తాగి, సముద్రం దగ్గరికి నడిచాను. ఉక్కపోత మసకలో ఏమీ కనబడలేదు. పది దాటేసరికి కళ్ళు తిరిగి ఓ మాల్‌లో దూరాను. ఈ ఎండకి మధ్యాహ్నం పని ఆపేస్తారు గానీ, పొద్దుటి ఎండేమీ తక్కువది కాదు. పుస్తకంలో దీన్ని ‘తీవ్ర శీతోష్ణస్థితి’ అని రెండు మాటల్లో తేల్చేస్తాం. నా మీద నాకే కోపం వచ్చింది.

మూడింటి తిరుగు బస్సులో గంగారాం వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. అడక్కుండానే చెప్పాడు.

“డ్యూటీ మాఫీ, ఇగ లేదక్కా. ఎల్లుండికి టికెట్ తీస్తరట. ఇంటికి వోయినంక డయాలసిస్ జేపిచ్చుకోవాల్నని చెప్పిండు డాక్టర్.”

తర్వాత భార్యకి ఫోన్ చేశాడు. “వస్తున్ననే. లీవ్ ఇచ్చిన్రు,” అన్నాడు, అంతే. అవతల ఆమె, “నాయిన దుబాయ్ నుంచి వస్తుండు,” అని కేకేసింది. వాళ్ళ ఊళ్ళో గల్ఫంతా దుబాయే. పిల్లల అరుపులు నా దాకా వినిపించాయి.

“సంబురవడుతున్రు అక్కా. ఎట్ల జెప్పాలె?”

గ్యాస్ ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దామని వెళ్ళి, దానికోసం ఎవరి ఒళ్ళు గుల్లవుతోందో చూసి వస్తున్నాను. పిల్లలకి ఈ పాఠం ఎలా చెప్పాలో నాకూ తెలియడం లేదు.

లుసైల్‌లో దిగుతుంటే ఆమె మళ్ళీ ఫోన్ చేసింది. ఆయన విని, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నా వైపు చూశాడు.

“వచ్చినరోజు ఏం వండాలని అడుగుతుంది, అక్కా.”