చరిత్ర సంఘానికి తొలి అధ్యక్షురాలు

నిన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, మా ఊరి చరిత్ర సంఘం వారి ఆహ్వానపత్రిక కనబడింది. తొలి అధ్యక్షులుగా మా బావగారి ఫొటో వేశారు. ఆయనే ఉంటే వెంటనే ఆ తప్పు దిద్దించేవారు; ఇప్పుడా పని నా మీద పడింది.

మా అక్క భర్త బొగ్గు గనుల్లో సర్వేయరు. కోస్తా నుంచి వచ్చిన మేము గోదావరిఖనిలో పక్కపక్క క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నేను కాలనీ బడిలో పాఠాలు చెప్పేదాన్ని. షిఫ్టు సైరన్ విని గడియారాలు సరిచేసుకున్న కాలం, మీకూ గుర్తుండే ఉంటుంది. ఆయన రిటైరైన ఏడాది, ఓపెన్‌కాస్టు గని కోసం ఖాళీ కాబోతున్న ఒక ఊరు చూద్దామని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, ఒక పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర ఆగిపోయారు. వంగి అడుగున తడిమితే, కత్తి పట్టిన వీరుడి బొమ్మ!

ఊరు పోయేలోగా రాయిని కాపాడాలని ఆయనకు నిద్ర పట్టలేదు. ఊరికే అడిగితే బాగుండదని నలుగురు మిత్రులతో సంఘం పెట్టి, తనే అధ్యక్షుడై, తీర్మానం రాసుకుని మళ్ళీ వెళ్ళారు. ఆ ఇంటి అవ్వ తీర్మానమంతా ఓపిగ్గా విని, చుట్టూ ఉన్న చెల్కల పేర్లు, అంటే ఆ మెట్టపొలాల పేర్లు, తెలుసా అని అడిగింది. బావగారు మ్యాపు విప్పి సర్వే నంబర్లు చదివితే, కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

“రాయి తీస్కపోండ్రి బిడ్డా. పేర్లు నేను చెప్త. గాని మీరు మీటింగు పెడితే నేను సుత కూసుంట, కుర్చీల.”

బావగారు ఒక్క క్షణం ఆలోచించి, కాగితం మీద అధ్యక్షుడన్న చోట తన పేరు కొట్టేసి, అవ్వతో వేలిముద్ర వేయించారు. ఆ తర్వాత మా అక్క ఆయన్ని ఎన్నాళ్ళో “మాజీ అధ్యక్షులవారూ” అనే పిలిచింది.

ఆ వేసవంతా అవ్వ ముందు నడిచేది, నేను రాసేదాన్ని, బావగారు మ్యాపు గీసేవారు. నక్కలబండ, పెండ్లిచెల్క, చిన్నమ్మ మడి. ఒక బావి పేరు గురించి ఇద్దరు తోటికోడళ్ళు పొద్దుగూకేదాకా వాదించుకుంటే, ఆయన రెండు పేర్లూ రాసేశారు. చివరికి రాయి ట్రాక్టరెక్కి మా బడి వరండాకు చేరింది. అవ్వ దాని పక్కనే కూర్చుని, పట్టుకుని మరీ తెచ్చింది. తొలి సమావేశంలో కుర్చీలో కాళ్ళు మడుచుకుని కూర్చున్న ఆమె అధ్యక్షోపన్యాసం ఒకటే మాట: “మా ఊరి పేరు తప్పు రాయకుండ్రి.”

ఆ ఊరున్న చోట ఇప్పుడు మట్టిగుట్టలున్నాయి. అవ్వా లేదు, బావగారూ లేరు. సంఘానికి సొంత హాలు వచ్చింది, మైకు వచ్చింది, మాకంటే ఎంతో చదువుకున్న పిల్లలు వచ్చారు, చూస్తే సంతోషమే. ఎటొచ్చీ, నడుస్తూ నడుస్తూ ఆగి, ఇగో ఇక్కడనే మా అత్త పసుపు పంట పెట్టింది అని కాలితో నేల చూపించే మనిషి మాత్రం ఇప్పుడు ఎవరూ లేరు.